ముందే ఉడికిన ధాన్యం: పనిదినపు ఉదయాలకు చౌకైన అల్పాహారం

కొన్నేళ్ళ క్రితం గుంటూరు ప్రాంతంలోని ఒక గ్రామంలో మహిళా సంఘం సభ్యులకు రాగి జావ, కొర్ర ఉప్మా తయారీని ప్రదర్శించాము. అందరూ రుచి చూశారు, బాగుందన్నారు, కరపత్రాలు తీసుకున్నారు. నెల రోజుల తరువాత మిరప కోతల సమయంలో అదే గ్రామానికి వెళ్ళి విచారిస్తే ఒక్క ఇంట కూడా ఆ వంటకాలు చేయడం లేదని తెలిసింది. కారణం అడిగినప్పుడు ఒకామె చెప్పిన మాట ఇది: “సార్, మీరు పదకొండింటికి వండి చూపించారు. మా ఆటో ఆరింటికే వచ్చిద్దండీ.”

పోషక విలువల పట్టికలు సిద్ధం చేసుకొని వెళ్ళిన మేము ఆటో వేళను లెక్కలోకి తీసుకోలేదు. కోతలకు, కలుపుతీతకు, నాట్లకు వెళ్ళే స్త్రీ తెల్లవారుజామున లేచి మధ్యాహ్న భోజనం వండి, పిల్లలకు పెట్టవలసినది పెట్టి, తాను మాత్రం ఒక గ్లాసు టీ త్రాగి బయలుదేరుతుంది. పొలంలో అన్నం క్యారియరు తెరిచేది పదకొండు దాటాకనే. రాత్రి భోజనం మొదలు అప్పటివరకు పదిహేను గంటల వ్యవధి. పట్టణంలో తొలి బస్సు పట్టుకొనే ఉద్యోగిని విషయంలోనూ, వసతిగృహం నుండి ఎనిమిది గంటల తరగతికి పరుగెత్తే మన విద్యార్థి విషయంలోనూ ఈ వ్యవధిలో పెద్ద తేడా లేదు.

ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒక్కటే. ఉదయపు అల్పాహారం త్వరగా సిద్ధం కావడం వంట నేర్పుపై కన్నా ధాన్యాన్ని ముందుగా శుద్ధి చేసే పద్ధతిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పొయ్యి మీద పట్టవలసిన సమయాన్ని గింజ దశలోనే, తీరిక ఉన్న రోజున ఖర్చుచేస్తే ఉదయం అయిదు నిమిషాలు చాలు. కనుక ఇది గృహవిజ్ఞాన విభాగానికి మాత్రమే వదలివేయవలసిన విషయం కాదు. ఏ రకం వేయాలి, ఎప్పుడు కోయాలి, ఎంత ఆరబెట్టాలి అన్న ప్రశ్నలన్నీ ఇందులో ఉన్నాయి.

వెంట తీసుకువెళ్ళడానికి ఏది పనికివస్తుంది?

వెంట తీసుకువెళ్ళే ఆహారం ఒలికిపోకూడదు, నాలుగైదు గంటలు ఎండలో ఉన్నా చెడకూడదు, చేతులు సరిగా కడుక్కొనే వీలు లేనిచోట కూడా తినగలిగేట్లు ఉండాలి. ఇడ్లీకి ఈ గుణాలన్నీ ఉన్నాయి. లేనిది దాని వెంట వెళ్ళే కొబ్బరి పచ్చడికి. ఉదయం రుబ్బిన పచ్చి కొబ్బరి వేసవిలో పది గంటలకే పులిసిపోతుంది. రైలు ప్రయాణాలకు మన పెద్దలు ఇడ్లీకి కారప్పొడి, నూనె పట్టించి ఇచ్చినదీ, తెల్లన్నానికి బదులు పులిహోర కట్టి ఇచ్చినదీ ఈ కారణం చేతనే. చింతపండు ఆమ్లం, తేమ లేని పొడి సూక్ష్మజీవుల వృద్ధిని అడ్డుకుంటాయి. ప్రయాణానికి పనికివచ్చిన సూత్రం పొలానికీ పనికివస్తుంది.

దీనికి తోడు ఆకలిని ఆపగల శక్తి ఉండాలి. బిస్కట్ల పొట్లం చౌకే, సులువే. కాని అందులో ఉన్నది మైదా, చక్కెర, నూనె. మాంసకృత్తులు తగినంత లేని అల్పాహారం రెండు గంటలలోనే మళ్ళీ ఆకలి పుట్టిస్తుంది. ధాన్యం రెండు పాళ్ళు, పప్పు ఒక పాలు అన్న పాత కొలత ఇక్కడ కూడా సరిపోతుంది. ధాన్యాలలో లైసిన్ తక్కువ, పప్పులలో మెథియోనిన్ తక్కువ. రెండూ కలిసినప్పుడు ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది.

అటుకులు, బొరుగులు, పుట్నాలు

పిండి పదార్థం నీటితో కలిసి సుమారు 65–75 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉబ్బి జిగురుగా మారడాన్నే మనం ఉడకడం అంటాము. ఒకసారి ఈ మార్పు జరిగిన గింజను ఆరబెట్టి దాచుకుంటే, తినే ముందు తడిపితే చాలు. అటుకులు, బొరుగులు, పుట్నాలు ఈ కోవకు చెందినవే. నానబెట్టిన వడ్లను వేయించి దంచితే అటుకులు; ఉప్పుడు బియ్యాన్ని వేడి ఇసుకలో వేయిస్తే బొరుగులు; తడిపిన శనగలను అదే విధంగా వేయించి పొట్టు తీస్తే పుట్నాలు.

కర్నూలు, అనంతపురం ప్రాంతాలలో ఉదయం పూట కనిపించే ఉగ్గాని ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ. బొరుగులను నీటిలో ముంచి పిండి, ఉల్లిపాయ తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే పది నిమిషాలలో పూర్తవుతుంది. పుట్నాల పొడి చాలామంది దృష్టిలో రుచి కోసం. నిజానికి ఆ పళ్ళెంలో మాంసకృత్తులలో ప్రధాన భాగం దానిదే. కాబట్టి ఉగ్గానిని సిఫారసు చేసేటప్పుడు పొడిని చిటికెడు కాక రెండు గరిటెలు వేయమని చెప్పాలి. అటుకులకు పెరుగు, వేయించిన వేరుశనగ కలిపితే పొయ్యితో కూడా పని లేదు.

పేలపిండి

నా దృష్టిలో మనం ఎక్కువగా నిర్లక్ష్యం చేసిన పదార్థం జొన్న పేలపిండి. తొలి ఏకాదశి నాడు బెల్లంతో కలిపి తిని, మిగిలిన సంవత్సరమంతా మరచిపోతాము. బీహారులో వేయించిన శనగపిండి సత్తుగా కూలీల నిత్యాహారమైంది. మన పేలపిండి మాత్రం పండుగకే పరిమితమైపోయింది.

జొన్న పేలడం వెనుక ఉన్న భౌతిక చర్యను విద్యార్థులు గమనించాలి. గింజలోని తేమ వేడికి ఆవిరిగా మారుతుంది. గట్టి పైపొర ఆ ఆవిరిని బయటకు పోనివ్వక ప్రెషర్ కుక్కరు వలె పట్టి ఉంచుతుంది. పీడనం హద్దు మీరినప్పుడు పొర పగిలి, మెత్తబడిన పిండి పదార్థం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. అందువల్ల పైపొరకు చీలిక ఉన్న గింజ పేలదు. ఖరీఫ్ జొన్న గింజకట్టే దశలో వానకు తడిసి బూజు తెగులు సోకితే పొర బలహీనపడుతుంది. నూర్పిడిలో దెబ్బతిన్న గింజదీ అదే స్థితి. పొడి వాతావరణంలో పక్వానికి వచ్చే మాఘీ, రబీ జొన్నలు ఇందుకు మేలు. గింజ చిన్నదిగా, లోపలి పిండి భాగం గాజువలె గట్టిగా ఉన్న రకాలు బాగా పేలుతాయి. మెత్తని పిండి గల రకాలు రొట్టెకు మంచివైనా పేలాలకు పనికిరావు. బాగా ఎండిన గింజ అయితే ముందురోజు రాత్రి కొద్దిగా నీరు చిలకరించి మూతపెట్టి ఉంచాలి.

ఒక కిలో మిశ్రమానికి 400 గ్రాముల పేలపిండి, 200 గ్రాముల పుట్నాలు, 200 గ్రాముల వేయించిన వేరుశనగ పప్పు, 200 గ్రాముల బెల్లం తీసుకోవచ్చు. వేరుశనగలోని నూనె, బెల్లంలోని తేమ ఉండకట్టడానికి చాలు. చాలకుంటే చెంచాడు వేడి నెయ్యి చేర్చవచ్చు. నలభై గ్రాముల ఉండలు రెండు తింటే సుమారు 300 కిలో కేలరీల శక్తి, 10 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. తీపి ఇష్టపడనివారు బెల్లం మాని, ఉప్పు, వేయించిన జీలకర్ర చేర్చి పొడిగానే ఉంచుకొని మజ్జిగలో కలుపుకోవచ్చు. మధుమేహం ఉన్నవారికి చెప్పవలసినది ఈ రెండవ విధానమే.

ఖర్చు విషయం. 2024–25 పంటకాలానికి క్వింటాలు కనీస మద్దతు ధర సంకర జొన్నకు 3,371 రూపాయలు, వేరుశనగ కాయకు 6,783 రూపాయలు, శనగకు 5,650 రూపాయలు. పేలని గింజ, పొట్టు, వేరుశనగ డొల్ల రూపంలో పోయే నష్టాన్ని కలిపి, బెల్లం కిలో 60 రూపాయలుగా లెక్కిస్తే కిలో మిశ్రమానికి ముడిసరుకు సుమారు 65 రూపాయలు అవుతుంది. అంటే ఒక పూటకు అయిదు రూపాయల పైచిలుకు. ఇది సొంత పంట ఉన్న ఇంటి లెక్క. అంగడిలో కొనేవారికి ఇంతకు రెట్టింపైనా సుమారు పది రూపాయలే. ఇంధనం, శ్రమ ఇందులో చేర్చలేదు. శ్రమను చేర్చకుండా లెక్క కట్టడం మన శాఖలో పాత అలవాటే కనుక ఆ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను: పేలాలు వేయించి, విసిరి ఉండలు కట్టడానికి ఇద్దరికి ఒక పూట పడుతుంది. నలుగురు కలిసి వారానికొకసారి చేసుకుంటేనే ఈ పద్ధతి నిలుస్తుంది.

రాగి మాల్టు

రాగి జావ గురించి కరపత్రాలలో చాలా వ్రాశాము. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది పది మిల్లీగ్రాములు కూడా లేదు. విజయనగరం పరిశోధన స్థానం నుండి వచ్చిన వేగావతి రకంలో ఇనుము సాధారణ రకాల కన్నా చాలా అధికం. ఇవన్నీ నిజమే. అయినా ఒక గ్లాసు జావలో పడే పిండి నలభై గ్రాములకు మించదు; అందులో మాంసకృత్తులు మూడు గ్రాములే. జావ ఒక్కటే అల్పాహారమని చెప్పడం సరికాదు. రెండు చెంచాల పుట్నాల పొడి కలపడమో, పక్కన ఒక ఉడికించిన కోడిగుడ్డు తినడమో అవసరం. గుడ్డు పెంకుతోనే ఉంచి తీసుకువెళ్తే ఉదయపు పూటంతా నిలుస్తుంది.

సాధారణ పిండితో చేసిన జావ చల్లారగానే గడ్డకడుతుంది. సీసాలో పోసి తీసుకువెళ్ళలేము. మొలకెత్తించిన రాగుల పిండికి ఆ ఇబ్బంది లేదు. మొలకెత్తే గింజలో అమైలేజ్ ఎంజైము పెరిగి, జావ కాచేటప్పుడు పిండి పదార్థాన్ని విడగొట్టి పల్చబరుస్తుంది. కనుక అంతే నీటిలో ఎక్కువ పిండి వేసినా త్రాగడానికి వీలుగా ఉంటుంది. రాగులను కడిగి ఒక రాత్రి నానబెట్టి, తడి గుడ్డలో ఒకటిన్నర నుండి రెండు రోజులు మూటకట్టి, మొలకలు వచ్చాక ఆరబెట్టి, వేళ్ళు నలిపి తీసివేసి, దోరగా వేడిచేసి మరపట్టించాలి. ఎక్కువగా మాడ్చితే ఎంజైము నశించి మాల్టు చేసిన ప్రయోజనం పోతుంది. వర్షాకాలంలో మూటలో బూజు పట్టే ప్రమాదం ఉంది. వాసన తేడాగా ఉంటే మొత్తం పారవేయాలి. జావను రాత్రే కాచి చల్లార్చి, కొద్దిగా మజ్జిగ కలిపి మూతపెడితే ఉదయానికి పులిసి అంబలి అవుతుంది. ఉదయం చేయవలసినది ఉప్పు, మరికొంత మజ్జిగ చేర్చి సీసాలో పోయడమే.

చద్దన్నం

చద్దన్నంపై ఈ మధ్య అతిశయోక్తులు ఎక్కువయ్యాయి. రాత్రికి రాత్రే అన్నంలో ఇనుము ఎన్నో రెట్లు పెరుగుతుందని కొందరు ప్రచారం చేస్తున్నారు. ఇనుము మూలకం, సూక్ష్మజీవులు దానిని సృష్టించలేవు. పులియబెట్టినప్పుడు ఫైటిక్ ఆమ్లం కొంత విడిపోయి, ఉన్న ఇనుమే శరీరానికి మెరుగ్గా అందుతుంది. అంతవరకు చెప్పడం న్యాయం.

దానికన్నా ముందు చెప్పవలసినది భద్రత. గిన్నెలో వెచ్చగా మిగిలిపోయిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి విషపదార్థాన్ని విడుదల చేయవచ్చు. వాంతులు కలిగించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అన్నం ఆవిరి తగ్గగానే మంచి నీరు పోసి, ఒక గరిటెడు తాజా మజ్జిగ కలిపితే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా త్వరగా ఆమ్లతను పెంచి హానికరమైన వాటిని అణచివేస్తుంది. ఉదయం పెరుగు, ఉల్లిపాయ, పచ్చిమిరపతో మూత బిగువైన స్టీలు డబ్బాలో తీసుకువెళ్ళవచ్చు. తిన్న వెంటనే టీ త్రాగకుండా గంటసేపు ఆగమని చెప్పాలి. టీలోని టానిన్లు ఇనుమును పట్టివేస్తాయి. బదులుగా ఒక జామకాయ తింటే అందులోని సి విటమిను ఇనుము గ్రహణకు తోడ్పడుతుంది.

నిల్వ, ఏరివేత

సజ్జ పిండి ఉండలకు కూడా వాడవచ్చు గాని సజ్జలో నూనె సుమారు 5 శాతం ఉంటుంది. మరపట్టగానే లైపేజ్ ఎంజైము పనిచేసి కొద్ది రోజులలోనే పిండి చేదెక్కుతుంది. గింజను మరిగే నీటిలో అర నిమిషం ముంచి, ఆరబెట్టి మరపట్టిస్తే నిల్వ కాలం పెరుగుతుంది. పేలపిండి ఉండలు గాలి చొరని డబ్బాలో పది పన్నెండు రోజులు ఉంటాయి. కోస్తాలో వానాకాలంలో బెల్లం తేమ లాగుకుంటుంది కనుక వారానికి సరిపడా మాత్రమే చేసుకోవాలి.

అన్నింటికన్నా ఎక్కువగా నన్ను ఆందోళనపరిచే విషయం వేరుశనగ. పంట చివరి దశలో బెట్టకు గురైన వర్షాధార చేలలో కాయలలోకి ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ శిలీంధ్రం ప్రవేశించి అఫ్లాటాక్సిన్‌ను ఉత్పత్తి చేస్తుంది. వేయించినా అది పూర్తిగా నశించదు. చాలా ఇళ్ళలో నేను గమనించినది ఏమంటే, నిండు గింజను అమ్మకానికి పంపి, ఏరివేసిన ముడత గింజ, పగిలిన గింజ, రంగు మారిన గింజ ఇంటి వాడకానికి ఉంచుకుంటారు. పచ్చడికీ, ఉండలకూ వెళ్ళేది అదే. పేలపిండి ప్రదర్శనకు వెళ్ళే ప్రతి శాస్త్రవేత్తా ముందుగా ఆ ఇంటి వేరుశనగ డబ్బా తెరిచి చూడాలి. కాయను గింజ తేమ 8 శాతానికి తగ్గేవరకు ఎండబెట్టించి, ఇంటి వాటాను ఏరివేతకు ముందే పక్కన తీయించి, ముడత గింజను తినుబండారాలలోకి గాని పశువుల దాణాలోకి గాని పోనివ్వకుండా వేరుచేయించిన తరువాతే పొయ్యి వెలిగించాలి.