గౌడా నుండి రోముకు, రోము నుండి గౌడాకు

గౌడా చీజ్ మనలో చాలామంది కొనే ఉంటాం. గౌడా ఒక ఊరి పేరని, ఆ ఊరివాళ్లు దాన్ని ‘హౌదా’ అంటారని నాకు తెలిసింది మాత్రం ఒక నవల వల్ల. ఇండియా వెళ్తూ ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం మారుతుంటాం కదా, అక్కడి నుండి ఆ ఊరు రైల్లో గంట ప్రయాణం కూడా ఉండదు. పదిహేనో శతాబ్దంలో ఆ ఊరి కుర్రాడొకడు రోముకు నడిచి బయలుదేరాడు. ఆ కథే ఆంగ్ల రచయిత చార్ల్స్ రీడ్ 1861లో ప్రచురించిన ‘ది క్లోయిస్టర్ అండ్ ది హార్త్’. మన మాటల్లో చెప్పాలంటే మఠమూ, ఇంటి పొయ్యీ, సన్యాసమూ, సంసారమూ.

కథానాయకుడు గెరార్డ్. బట్టల వర్తకుడి కొడుకు. అందమైన దస్తూరితో గ్రంథాలకు నకళ్లు రాసి, రంగుల బొమ్మలు దిద్దే పని నేర్చుకున్నాడు. పోటీలో పాల్గొనడానికి రోటర్‌డామ్ వెళ్తూ దారిలో మార్గరెట్‌ను చూస్తాడు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. చర్చిలో పెళ్లి జరుగుతుండగానే అతణ్ణి పట్టుకుపోయి నిర్బంధిస్తారు. తప్పించుకుని, నకళ్లు రాసేవాళ్లకు మంచి సంపాదన ఉందని విని ఇటలీ దారి పడతాడు.

ఇక్కడి నుండి పటం దగ్గర పెట్టుకుని చదవాలి. మొదట జర్మన్ భూములు. అక్కడ డెనిస్ అనే బర్గండీ సైనికుడు స్నేహితుడవుతాడు. అడవిలో ఎలుగుబంటి, దారిలో దొంగలు, రాత్రయితే పూటకూళ్ల ఇళ్లు. ఆ ఇళ్ల వర్ణన మరచిపోలేం. పెద్ద పొయ్యి ఉన్న ఒకే గదిలో అందరూ కూర్చుని తడిబట్టలు ఆరబెట్టుకుంటారు, గాలి ఆడదు, భోజనం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. ఇద్దరూ బర్గండీ చేరాక డెనిస్‌ను యుద్ధానికి పట్టుకుపోతారు. గెరార్డ్ ఒంటరిగా మిగిలి, వెనిస్ చేరి, సముద్రంలో ఓడ బద్దలైనా బతికి బయటపడి, చివరికి రోములో గ్రీకు గ్రంథాలకు నకళ్లు రాసే పనిలో కుదురుకుంటాడు.

అప్పటికి ఆ పనికే గడువు దగ్గర పడింది. 1465 నాటికి రోముకు దగ్గరలోని సుబియాకో మఠంలో ఇద్దరు జర్మన్లు అచ్చుయంత్రం పెట్టారు. చేత్తో నెలల తరబడి రాసేది యంత్రం రోజుల్లో అచ్చొత్తుతుంటే లేఖకుడి దస్తూరికి విలువేముంటుంది? ఉద్యోగం కోసం ఇంత దూరం వచ్చి, వచ్చాక ఆ ఉద్యోగమే మారిపోవడం చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

అయితే గెరార్డ్‌ను దెబ్బతీసింది ఎలుగుబంటీ కాదు, తుఫానూ కాదు, యంత్రమూ కాదు; ఒక ఉత్తరం. మార్గరెట్ చనిపోయిందని ఇంటి దగ్గర నుండి వస్తుంది. అది దొంగ ఉత్తరం. రాయించినవాళ్లలో సొంత అన్నదమ్ములూ ఉన్నారు. అతడు నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? మరొకరిని అడిగి తెలుసుకోవాలంటే నెలల దారి. టైబర్ నదిలో దూకి, ఎవరో కాపాడితే, డొమినికన్ మఠంలో చేరి సన్యాసి అవుతాడు. బేసెల్ మీదుగా, రైన్ నది వెంట స్వదేశం వచ్చి రోటర్‌డామ్ చర్చిలో ప్రసంగిస్తూ ఎదురుగా మార్గరెట్‌ను చూస్తాడు. అప్పటికే ఆమె అతడి కొడుకును కని పెంచుతోంది. సన్యాసం వెనక్కి తీసుకునేది కాదు. గౌడాలో చర్చి గురువుగా, పక్కనే ఉండీ దూరంగా, మిగిలిన జీవితం గడుపుతాడు.

ఆ కొడుకే ఎరాస్మస్, ఐరోపా అంతా చదివిన మహాపండితుడు. తండ్రి రోములో నకళ్లు రాసుకుంటుండగా, ప్రియురాలు చనిపోయిందని తల్లిదండ్రులు తప్పుడు కబురు పంపారన్న కథ ఎరాస్మస్ పేరు మీద దొరికిన చిన్న లాటిన్ జీవితచరిత్రలో ఉంది. రీడ్ దాన్నే నవలగా పెంచాడు. అన్నీ చరిత్ర అనుకోకూడదు. ఎరాస్మస్‌కు ఒక అన్న ఉండేవాడు; నవలలో అతడు లేడు. పైన చెప్పిన పూటకూళ్ల ఇళ్లు కూడా ఎరాస్మస్ సంభాషణల పుస్తకంలోనివే. అంటే తండ్రి నడిచిన దారిని రచయిత కొడుకు కళ్లతో చూశాడన్నమాట. తండ్రి కూడు పోగొట్టిన అచ్చుయంత్రమే కొడుకుకు కీర్తి తెచ్చింది. 1516లో అతడి గ్రీకు బైబిల్ నూతన నిబంధన అచ్చయిన ఊరు బేసెల్. 1536లో కన్నుమూసిందీ అక్కడే.

ఇప్పుడు వెళ్తే ఏం కనిపిస్తుంది? గౌడాలోని సెయింట్ జాన్ చర్చి 1552లో కాలిపోయింది. ఈనాటి ప్రసిద్ధమైన రంగుటద్దాల కిటికీలు ఆ తరువాతివి. రోటర్‌డామ్ పాత ఊరు 1940 మే 14న బాంబులకు నేలమట్టమైంది. సెయింట్ లారెన్స్ చర్చిని తిరిగి నిలబెట్టారు. 1622 నాటి ఎరాస్మస్ కంచు విగ్రహం దాని ముందు పుస్తకం తిప్పుతూ నిలబడి ఉంటుంది.

ఈ నవల నన్ను వదలకపోవడానికి కారణం ఆ ఉత్తరమే. నేను కొత్తగా ఈ దేశం వచ్చిన రోజుల్లో మా అమ్మమ్మ పోయిన సంగతి నాకు పదకొండో రోజు దాటాక చెప్పారు. అంతకుముందు ఫోన్‌లో అడిగితే “నిద్రపోతోంది” అన్నారు. గెరార్డ్‌కు బతికున్న మనిషి పోయిందని చెప్పారు. నాకు పోయిన మనిషి ఉందని చెప్పారు. అది ద్వేషం, ఇది ప్రేమ. అయినా దూరాన ఉన్నవాడు చెప్పింది నమ్మక చేసేదేమీ లేదు. ఇవాళ ఫోన్‌లో ముఖాలు చూసుకుంటున్నాం. అయినా మా ఇంట్లో ఒక మాట అనుకున్నాం: మంచైనా చెడైనా ఆ రోజే చెప్పుకోవాలి.