మిద్దె మీది ఎండతో గదిలో చల్లదనం

రాయలసీమవాళ్లకు దేనికి కొదువ ఉన్నా ఎండకు మాత్రం కొదువ లేదు. పక్కనే కుందూ నది, పొలాల్లో కె.సి. కాలువ ఉన్నా, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట చాపాడులో బయట తిరగడం కష్టమే. మన ఊరు సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుచేత ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరొకసారి సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. జమ్మలమడుగు దగ్గర మైలవరం మండలంలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారంటే అది ఈ ఎండ చలవే.

మరి ఆ ఎండను మన మిద్దె మీదనే పట్టి, ఆ కరెంటుతో ఒక చిన్న స్ప్లిట్ ఏ.సి. నడుపుకోలేమా? అదీ మన చేతులతో మనమే బిగించుకొని? ఈ ప్రశ్న ఇంజనీరింగు విద్యార్థికే గాక, రేకుల కొట్టులో కుట్టు మిషను పెట్టుకొన్న దర్జీకి గూడా వస్తుంది. నడుపుకోవచ్చు అనే దీనికి జవాబు. అయితే ఏ గదికి, ఏ వేళకు అన్నది ముందు తేల్చుకోవాలి.

మొదట "టన్ను" సంగతి చూద్దాం. ఒక టన్ను ఏ.సి. అంటే మిషను బరువు కాదు. ఐసుగడ్డలతో చల్లబరచుకొనే రోజుల్లో పుట్టిన కొలత ఇది. అమెరికా టన్ను, అంటే సుమారు 907 కిలోల ఐసు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని తీసివేసే శక్తి అని అర్థం. ఇది సుమారు 3.5 కిలోవాట్లు. అంత కరెంటు కావాలా అంటే, అక్కరలేదు. బావిలో మోటారు నీళ్లను పుట్టించదు, తోడి బయట పోస్తుంది గదా! ఏ.సి. గూడా గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. అందువల్ల మంచి ఇన్వర్టరు ఏ.సి.కి 1 కిలోవాటు కరెంటు ఇస్తే 3.5 కిలోవాట్ల వేడిని తోడగలదు. గది చల్లబడ్డాక కంప్రెసరు వేగం తగ్గి, సగం కరెంటుతోనే సర్దుకుంటుంది.

ఇక ప్యానెళ్ల లెక్క. 540 వాట్ల ప్యానెళ్లు నాలుగు పెడితే పేరుకు 2,160 వాట్లు. కాని ఆ అంకె ప్యానెలు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. మన వేసవిలో అది 65 డిగ్రీల దాకా కాగుతుంది. పెరిగిన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది గనుక 14 శాతం అక్కడే పోయింది. దుమ్ము, తీగల నష్టం తీసివేస్తే మంచి ఎండలో 1,700 వాట్ల దాకా చేతికొస్తుంది. పొద్దున పది గంటల నుంచి సాయంత్రం మూడున్నర వరకు 1 టన్ను మిషను నడవడానికి ఇది చాలును.

అసలు చిక్కు రాత్రితోనే. కాంక్రీటు మిద్దె పగలంతా ఎండ తాగి, పొద్దు గూకిన తర్వాత ఆ వేడిని గదిలోకి దింపుతుంది. చల్లగా నిద్రపోవాలని మనకు అనిపించే వేళకు సూర్యుడు లేడు. గంటకు అర యూనిట్ చొప్పున 8 గంటలకు 4 యూనిట్లు నిలవ చేసుకోవాలి. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీలో 1.8 యూనిట్లు పడతాయి. అది నాలుగు కాలాలు మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి. ఈ లెక్కన అయిదు బ్యాటరీలకు తక్కువ కాకుండా కావాలి. ప్యానెళ్ల మీద మిగిల్చిన డబ్బు బ్యాటరీలకే పోతుంది.

కనుక సొంతంగా పెట్టుకొనే సోలార్ ఏ.సి. మొదట పడకగదికి గాక పగటి గదికి తగినది. దర్జీ కొట్టు, డాక్టరు గది, కంప్యూటరు ల్యాబు, కాలేజీ లైబ్రరీ ఇందుకు అనువైనవి. ప్యానెళ్ల కరెంటును నేరుగా తీసుకొని, చాలని కొంచెం మాత్రం లైను నుంచి లాగే మిషన్లు గూడా వచ్చాయి. వీటికి బ్యాటరీతో పని లేదు.

మిషను కొనేముందు గదిలోకి వచ్చే వేడిని తగ్గించాలి. మన పెద్దలు మట్టి మిద్దె మీద చవుడు మట్టి మందంగా పరిచింది వాన కోసమే గాదు, ఎండ కోసం గూడా. కాంక్రీటు మిద్దెకు తెల్లసున్నం కొట్టినా మేలే. ప్యానెళ్లను ఆ గది పైనే, కింద గాలి ఆడేటట్లు పెడితే, కరెంటుతో బాటు మిద్దెకు నీడ గూడా దొరుకుతుంది.

మనం చేసుకోగల పనులు చాలానే ఉన్నాయి. ఏ వేళకు ఏ చెట్టు నీడ, ఏ నీళ్ల ట్యాంకు నీడ పడుతుందో ఒక రోజంతా గమనించాలి. ప్యానెళ్లను దక్షిణ ముఖంగా, 15 డిగ్రీల వాలుతో నిలపాలి. పెనుగాలికి ప్యానెలు తెరచాపలాగా లేస్తుంది గనుక బోల్టులు గట్టిగా ఉండాలి. కడప బండలు కప్పిన పాత మిద్దెకు రంధ్రాలు వేస్తే బండ పగులుతుంది. అక్కడ గోడల మీద ఆనేటట్లు ఇనుప చట్రం కట్టించాలి. బయటి యూనిట్టును ఉత్తరపు గోడకు, నీడలో బిగించాలి. గోడ రంధ్రం బయటివైపుకు వాలి ఉండాలి, లేకుంటే నీళ్లు గదిలోకే కారుతాయి. ప్యానెళ్లను తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడే కడగాలి.

కాని మూడు పనుల్లో మాత్రం సొంత ధైర్యం పనికిరాదు.

ఒకటి, డి.సి. కరెంటు. నాలుగు ప్యానెళ్లు వరుసగా కలిపితే సుమారు 200 వోల్టులు. మన ఇంటి ఏ.సి. కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది గనుక స్విచ్చి తీస్తే మెరుపు ఆరిపోతుంది. డి.సి.కి ఆ సున్నా లేదు. మామూలు స్విచ్చి వాడితే మెరుపు ఆరక నిప్పు అంటుకుంటుంది. డి.సి.కి తగిన స్విచ్చి, ఫ్యూజు, ఎర్తింగు తప్పవు. ఎండ ఉన్నంతసేపు ప్యానెలులో కరెంటు ఉంటుంది, దాన్ని ఆపే మీట లేదు. కాబట్టి కలిపేటప్పుడు మందమైన దుప్పటి కప్పాలి.

రెండు, గ్యాసు. నేటి మిషన్లలో ఎక్కువగా ఉండే ఆర్-32 కొద్దిగా మండే గుణం కలది. అమెరికాలో సొంతంగా బిగించుకొనేవారికి ముందే గ్యాసు నింపిన గొట్టాలు అమ్ముతారు. మామూలు సెట్టుకు మాత్రం గొట్టాల్లోని గాలిని, తేమను వాక్యూమ్ పంపుతో తీయాలి. ఈ ఒక్క పనికి మెకానిక్కును పిలవాలి.

మూడు, లైను. కరెంటు పోయినప్పుడు మన సోలార్ కరెంటు వెనక్కి లైనులోకి పోతే, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. లైనుతో కలిపే ఇన్వర్టరు, లైను ఆగగానే తానూ ఆగేటట్లు చేసింది అందుకే. విద్యుత్ సంస్థ అనుమతి లేకుండా ఆ కలయిక చేయరాదు. పైగా 2024లో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది గాని, అది ఇళ్లకే, గుర్తింపు పొందిన సంస్థ బిగిస్తేనే.

పరీక్షలు వచ్చేది ఎండలు ముదిరే రోజుల్లోనే. మిత్రులారా, కాలేజీలో ఒక్క చదువు గదిని ఎంచుకొని, లెక్చరర్ల పర్యవేక్షణలో ఈ పని చేసి చూడవచ్చు. వారం రోజులు గంటగంటకు గది ఉష్ణోగ్రతను, మీటరు రీడింగును నోటుపుస్తకంలో రాయండి. మిషనును 24 డిగ్రీల మీదనే ఉంచండి. మన చాపాడు ఎండకు, మన మిద్దెకు సరిపోయే లెక్క ఏ కంపెనీ కరపత్రంలోనూ ఉండదు. ఆ నోటుపుస్తకంలోనే దొరుకుతుంది. అది చూసి ఊళ్లోని దర్జీ గూడా నాలుగు ప్యానెళ్లు కొనాలో వద్దో తేల్చుకోగలడు.