తల తిరుగుడుకు మంచం మందు కాదు

"పైత్యం చేసింది" అని మన పల్లెల్లో ఒక మాట ఉంది. కళ్ళు తిరిగినా, తల దిమ్మెక్కినా, నడుస్తూ తూలినా అన్నిటికీ అదొక్కటే పేరు. నిమ్మకాయ నీళ్ళు తాగించి పడుకోబెడతారు. ఒకటి రెండు రోజులైతే ఫరవాలేదు. అయితే కుటుంబ ప్రార్థనలకు వెళ్ళినప్పుడు మేము చూస్తున్నదేమంటే, కొందరు పెద్దవారు ఆ మంచం మీదనే ఉండిపోతున్నారు. పడిపోతామనే భయంతో మొదట పొలం మానుకుంటారు, తరువాత ఆదివారం ఆరాధన, చివరకు పెరట్లోకి వెళ్ళడం కూడా. కదలక కాళ్ళు బలహీనపడి, ఒకనాడు నిజంగానే పడి తుంటి ఎముక విరుగుతుంది.

వైద్యులు చెప్పేది వినడానికి వింతగా ఉంటుంది. ఏ కదలికకు తల తిరుగుతుందో, ఆ కదలికనే మెల్లగా, పద్ధతిగా చేస్తే తిరుగుడు తగ్గుతుందట.

మన లోపలి చెవిలో ఒక్కొక్క వైపు మూడు వంపు నాళాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తాపీమేస్త్రీ రసమట్టం గోడ వాలును చూపినట్లు, ఆ ద్రవం తల ఎటు తిరిగిందో మెదడుకు తెలియజేస్తుంది. ఒక చెవి దెబ్బతింటే రెండు చెవుల కబుర్లు పొసగవు, మెదడు తికమకపడుతుంది. క్రమంగా అది సర్దుకోగలదు గాని, మనిషి కదిలితేనే సర్దుకుంటుంది. తల తిరుగుడు మాత్రలు మొదటి కొద్ది రోజులు మేలు చేస్తాయి. నెలల తరబడి మింగితే ఆ సర్దుబాటు ఆలస్యమవుతుంది. బి.పి., షుగరు మాత్రల సంగతి వేరు. వాటిని సొంతంగా మానరాదు.

1940ల దశకంలో ఇంగ్లండులో కాథోర్న్, కుక్సే అనే ఇద్దరు వైద్యులు, తలకు దెబ్బలు తగిలి తూలుతున్నవారి కొరకు ఒక వ్యాయామ వరుస ఏర్పరచారు. మొదట తల కదపకుండా కళ్ళను మాత్రమే పైకి, కిందికి, పక్కలకు తిప్పాలి. చేయి చాచి వేలిని చూస్తూ ముఖం దగ్గరకు తెచ్చుకోవాలి. తరువాత తలను ముందుకు వెనుకకు వంచడం, పక్కలకు తిప్పడం. కొన్నాళ్ళకు వేగం పెంచి, ఆపైన కళ్ళు మూసుకొని చేయాలి. అది కుదిరాక కూర్చుని వంగి నేలమీది వస్తువు తీయడం, కుర్చీలోంచి లేచి నిలబడడం, చిన్న బంతిని కళ్ళకంటె ఎత్తుగా ఒక చేతినుండి మరో చేతికి వేసుకోవడం. బంతి లేకపోతే ఆ నిమ్మకాయే చాలు! చివరగా గదిలో నడక, మెట్లు ఎక్కి దిగడం.

పక్క మీద ఒత్తిగిలినప్పుడో, అటక మీదికి చూసినప్పుడో గిర్రున తిరిగి నిమిషం లోపే ఆగిపోయే రకం ఒకటుంది. చెవిలోని సన్నని కాల్షియం రేణువులు చోటు తప్పి నాళంలోకి జారడమే దీనికి కారణం. వైద్యుడు తలను ఒక వరుసలో తిప్పి వాటిని వెనుకకు పంపే పద్ధతిని 1992లో ఎప్లీ అనే అమెరికా వైద్యుడు ప్రచురించాడు. కొద్ది నిమిషాల పని. చాలామందికి ఒకటి రెండుసార్లతోనే నయమవుతుంది. ఇంటివద్ద చేసుకొనేది బ్రాంట్, డారాఫ్‌లు 1980లో తెలిపిన పద్ధతి. మంచం అంచున కూర్చుని, తల ఎడమకు సగం తిప్పి, కుడివైపుకు పడుకోవాలి. అర నిమిషం, లేదా తిరుగుడు ఆగేవరకు ఉండి లేవాలి. కూర్చుని మరో అర నిమిషం ఆగి, తల కుడికి తిప్పి ఎడమవైపుకు పడుకోవాలి. పూటకు ఐదుసార్లు, రోజుకు మూడు పూటలు, రెండు వారాలు.

ముందుగా వైద్యునికి చూపించుకోవడం తప్పదు. రక్తం తక్కువై గాని, లేవగానే బి.పి. పడిపోయి గాని వచ్చేదానికి ఈ వ్యాయామం పనికిరాదు. మెడ ఎముకల జబ్బున్నవారు అడగకుండా తల తిప్పరాదు. తిరుగుడుతోపాటు మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, చేయి కాలు పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

మొదటి రోజుల్లో వ్యాయామం చేస్తుంటే తిరుగుడు కొంత ఎక్కువైనట్లే ఉంటుంది. చాలామంది అక్కడే మానేస్తారు. ఆ రోజుల్లో కోడలో మనుమడో పక్కన నిలబడాలి. చేయి పట్టుకొని నడిపించనక్కరలేదు, తూలితే అందుకొనేంత దగ్గరలో ఉంటే చాలు.