మిగిలిన అన్నం గ్యాస్‌గా మారాలంటే.. మీరు చేయాల్సింది ఇదే!

గోదావరి, ప్రాణహిత కలిసే కాళేశ్వరంలో 2025 మే 15 నుంచి 26 వరకు సరస్వతి పుష్కరాలు జరిగాయి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. ఇంత జనం వచ్చే చోట అన్నదానాల్లో, హోటళ్లలో మిగిలే ఆహారాన్ని ఏం చేయాలి? దీనికి ఒక దారిని హైదరాబాద్‌లోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూపించింది.

బోయిన్‌పల్లిలో ఏం చేశారు?

అమ్ముడుపోని, కుళ్లిన కూరగాయలను పారబోయకుండా మార్కెట్‌లోనే బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. టెక్నాలజీ హైదరాబాద్‌లోని ఐఐసీటీది. రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల బయో ఇంధనం వస్తున్నాయని ప్రధాని మోదీ 2021 జనవరి 31న ‘మన్ కీ బాత్’లో చెప్పారు. ఆ కరెంటుతో మార్కెట్‌లో దీపాలు, ఆ ఇంధనంతో క్యాంటీన్‌లో పొయ్యి వెలిగాయి.

గ్యాస్ ఎలా వస్తుంది?

వ్యర్థాలను ముద్దగా చేసి, గాలి చొరబడని ట్యాంకులోకి పంపుతారు. అందులో ఒక రకం బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తుంది. ఆ ఆమ్లాల నుంచి మరో రకం సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. మండేది ఈ మీథేనే. చివరికి మిగిలే చిక్కటి ద్రవం పొలానికి ఎరువు.

మరి రసాయనాలు?

ఈ ప్రక్రియను ఆమ్లాల దశలోనే ఆపితే, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం లాంటివి దొరుకుతాయి. వీటిని తిని, ఒంట్లో బయోప్లాస్టిక్ దాచుకునే బ్యాక్టీరియా కూడా ఉంది. ఆహార వ్యర్థాల నుంచి హైడ్రోజన్, బయోప్లాస్టిక్ తీయడంపై ఐఐసీటీలో పరిశోధనలు జరిగాయి.

డంప్ యార్డుకు పంపితే నష్టమేంటి?

చెత్తకుప్ప అడుగున కూడా మీథేన్ పుడుతుంది. కానీ పొయ్యికి చేరదు, గాలిలో కలుస్తుంది. వందేళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

మీరేం చేయాలి?

ప్లాంటు నడవడం, ఆగిపోవడం చాలావరకు మీ చెత్తబుట్ట దగ్గరే తేలుతుంది. ప్లాస్టిక్ కవర్లు పంపులకు అడ్డం పడతాయి. ఫినాయిల్ లాంటివి కలిస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అందుకే..

• అన్నం, కూరలు, తొక్కలు తడి చెత్త బుట్టలోనే వేయండి. కవర్లో మూట కట్టి వేయొద్దు.
• ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, సీసాలు పొడి చెత్తలో వేయండి.
• వాడేసిన నూనె దేనిలోనూ కలపకుండా విడిగా ఉంచండి.

తడి, పొడి చెత్త వేరు చేసి ఇవ్వడం మీ ఇష్టం కాదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే దాన్ని తప్పనిసరి చేశాయి. ఇంట్లో అయినా, పుష్కర ఘాట్ దగ్గర అయినా రూల్ ఒకటే.