తేలు కొండి మాట, పిట్ట మాట: ఒక గోండు కుటుంబం గీసిన అంబేద్కర్

రైలు పాములా సాగుతుంది. కోట క్రూరమృగమై నిలబడుతుంది. 2011లో నవయాన ప్రచురించిన ‘భీమాయన’లో అంబేద్కర్ జీవితం ఇలా కలలాంటి బొమ్మల్లో నడుస్తుంది. గీసింది దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు.

వీళ్లు మధ్యప్రదేశ్‌కు చెందిన ప్రధాన్ గోండులు. గోండుల వంశకథలు పాడటం ప్రధాన్ల వృత్తి. మన ఆదిలాబాద్‌లో కిక్రీ వాయిస్తూ ఆ కథలు పాడేదీ ప్రధాన్లే. పాటలోని దేవుళ్లను, జంతువులను 1980లలో కాగితం మీదికి తెచ్చినవారు సుభాష్ బావ జన్‌గఢ్ సింగ్ శ్యామ్. పాటన్‌గఢ్ నుంచి భోపాల్ భారత్ భవన్‌కు చేరిన ఆయన, 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం పనిచేస్తూ అక్కడే చనిపోయారు. భార్య నన్కుసియా, పిల్లలు మయాంక్, జపానీ కూడా చిత్రకారులే.

దుర్గాబాయి, సుభాష్ బొమ్మలను గళ్లలో బంధించలేదు. ఇంటి గోడల మీద ఆడవాళ్లు వేసే ‘డిగ్నా’ అలంకారంతోనే పేజీలను విడదీశారు. మెత్తగా మాట్లాడేవారి మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. కులం విషం కక్కే మాటలకు తేలు కొండి ఉంటుంది.

దీన్ని ఊహాలోకం అని పక్కన పెట్టడం సరికాదని మేం అనుకుంటున్నాం. బడిలో దక్కని నీళ్లు, బరోడాలో దొరకని ఇల్లు ఫొటోకి చిక్కే గాయాలు కావు. కొండి గీస్తే చదువు రాని పిల్లకు కూడా ఎవరు కుట్టారో తెలుస్తుంది. దళితుడి కథను ఆదివాసీలు తమ గీతలో చెప్పారు. అట్ట మీద వాళ్ల పేర్లున్నాయి. ‘జానపద కళ’ పేరుతో అనామకంగా అమ్ముడుపోయే మిగతా బొమ్మలకూ ఆ గౌరవం దక్కాలి.