నీళ్ల కింద ఫోటో: ముందు తేలడం, తర్వాతే కెమెరా

మన రాజపాళయానికి పడమట కొండలు, తూర్పుగా పోతే సముద్రం. కొండల సంగతి మనకు బాగానే తెలుసు. సముద్రం బస్సులో మూడు గంటల దూరమే అయినా దాని లోపల ఏముందో పెద్దగా తెలీదు. తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా మన్నారు సింధుశాఖలో 21 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. 1986లో ఆ ప్రాంతాన్ని సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

మా పెద్దమ్మ కూతురు పోయిన ఏడాది పుదుచ్చేరిలో స్కూబా డైవింగ్ నేర్చుకుంది. తను చూపించిన ఫోటోలు చూసినప్పట్నించీ నాకూ ఆశ పుట్టింది. అక్కను విసిగించి అడిగినవీ, చదివి తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రశ్న: నీళ్ల కింద తీసిన ఫోటోలన్నీ ఎందుకు నీలంగా ఉంటాయి? కెమెరా లోపం కాదు. నీళ్లు ఎర్ర వెలుగును ముందు మింగేస్తాయి. అయిదారు మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది. ఆ తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. చివరికి మిగిలేది నీలమే. ఎర్రటి చేప కూడా అక్కడ బూడిద రంగులో కనిపిస్తుంది. పోయిన రంగును తిరిగి తేవాలంటే మన వెలుగు మనమే తీసుకుపోవాలి. 1927లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో నీటి అడుగున తీసిన మొదటి రంగుల ఫోటోలు అచ్చయ్యాయి. ఫ్లోరిడా దగ్గర వాటిని తీసినవాళ్లు వెలుగు కోసం నీటి పైన తెప్ప మీద మెగ్నీషియం పొడి పేల్చారు. ఇప్పుడు ఆ పనికి ఫ్లాష్ ఉంది, టార్చి ఉంది. తక్కువ లోతులో ఎర్ర ఫిల్టరు కూడా కొంత పనిచేస్తుంది.

రెండో సంగతి దూరం. నీళ్లలో వస్తువులు దాదాపు పావువంతు దగ్గరగా, మూడోవంతు పెద్దగా కనిపిస్తాయి. దగ్గరే ఉందనుకుని చెయ్యి చాపితే అందదు. పైగా కెమెరాకూ చేపకూ మధ్య ఎంత నీరుంటే అంత మసక. అందుకే జూమ్ చెయ్యకుండా మెల్లిగా దగ్గరికి పొమ్మంటారు. చిక్కంతా ఇక్కడే వస్తుంది, దాని గురించి తర్వాత చెప్తాను.

ఇక సామాను. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. మన ఫోన్ల మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉన్నా ఆ పరీక్ష మంచినీళ్లలో, కదలకుండా, తక్కువ లోతులో చేసింది. ఉప్పునీటికి ఆ భరోసా లేదు. గోప్రో హీరో రకాల్లో చాలావి పెట్టె లేకుండా 10 మీటర్ల వరకు, ఒలింపస్ టీజీ రకాల్లో చాలావి 15 మీటర్ల వరకు తట్టుకుంటాయి. అంతకన్నా లోతుకు హౌసింగ్ అనే గట్టి పెట్టె కావాలి. ఆ పెట్టె మూత దగ్గర ఓ-రింగ్ అని సన్నటి రబ్బరు వలయం ఉంటుంది. కెమెరాను కాపాడేది అదే. మన ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ లాంటిదే అనుకోండి. దాని మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు పడినా నీళ్లు లోపలికి వస్తాయి. ప్రతిసారీ తుడిచి చూసుకుని మూత పెట్టాలి. లోపల ఆవిరి పట్టకుండా చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం లాంటిది పెడతారు. పైకి వచ్చాక మంచినీళ్లలో కాసేపు నానబెట్టాలి, లేకపోతే ఉప్పు గడ్డకట్టి బటన్లు పట్టేస్తాయి.

ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటే నీళ్లలోని నలుసులన్నీ మెరిసి, ఫోటో నిండా మంచు కురిసినట్టు ఉంటుంది. అందుకే పెద్ద కెమెరాలకు ఫ్లాష్‌ను పొడుగు చేతుల మీద పక్కకు జరిపి పెడతారు.

ఇవన్నీ డబ్బుతో వచ్చేవి. డబ్బుతో రానిది ఒకటుంది: నీళ్ల మధ్యలో పైకి తేలకుండా, కిందికి మునగకుండా, చేతులు ఆడించకుండా నిలబడడం. ఇది రానివాళ్లు కెమెరా పట్టుకుని దగ్గరికి పోతే ఏమవుతుంది? బాలెన్సు కోసం దిబ్బను పట్టుకుంటారు. కాలి ఫిన్ వెనకాల దేనికి తగులుతోందో కూడా తెలీదు. పగడపు దిబ్బ రాయిలా కనిపిస్తుంది గానీ దాన్ని కట్టింది చిన్నచిన్న ప్రాణులు. బండలా పెరిగే రకాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. మన వయసంత కాలం పెరిగినది ఒక్క తన్నుతో విరిగిపోతుంది.

ఇక్కడ ఒక మాట. మనం ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం, తమిళంలో పవళం, ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో దొరికే వేరే రకం. మన్నారు దిబ్బలను కట్టిన పగడాలు వేరు. 2001 నుంచి దిబ్బ పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి కూడా ఆ షెడ్యూలులోనే ఉంది. మన కొండ 2021లో శ్రీవిల్లిపుత్తూరు-మేగమలై పులుల అభయారణ్యం అయింది. అక్కడికి అటవీశాఖ అనుమతి లేకుండా పోకూడదని మనకు తెలుసు. మన్నారు దీవులకూ అంతే. నీళ్ల కింద ఉందని దాన్ని అడవి కాదనుకోకూడదు.

ఆ నీళ్లలో కెమెరా లేకుండా దిగే ఆడవాళ్లు ఉన్నారు. రామనాథపురం తీరంలో సముద్రపు పాచి కోసి అమ్ముకుని బతికేవాళ్లు. కళ్లకు అద్దం, వేళ్లకు గుడ్డ చుట్టు, కాళ్లకు రబ్బరు చెప్పులు, అంతే సామాను. ఆక్సిజన్ సిలిండర్ లేదు, ఊపిరి బిగబట్టి మునగడమే. ఉద్యానవనం నిబంధనల వల్ల వాళ్ల జీవనానికే ఇబ్బంది వచ్చింది. అయినా పాచి మళ్లీ పెరగాలని నెలకు 12 రోజులే కోద్దామని వాళ్లే కట్టుబాటు పెట్టుకున్నారు. వాళ్లలో ఒకరైన లక్ష్మీ మూర్తికి 2015లో సీకాలజీ బహుమతి వచ్చింది. బతుకు కోసం మునిగేవాళ్లే హద్దు పెట్టుకున్నప్పుడు, సరదాకు మునిగే మనకు హద్దు లేకపోతే ఎలా?

అక్క వాళ్లకు నేర్పిన హద్దులు ఇవి. దేన్నీ తాకకూడదు. ఫోటో బాగా రావాలని ఏ ప్రాణినీ జరపకూడదు, తాబేలును తరమకూడదు, చేపలకు తిండి వెయ్యకూడదు. ఒక్కదాని మీదే పదేపదే ఫ్లాష్ కొట్టకూడదు, రెండు మూడు తీసి కదిలిపోవాలి. అరుదైనది కనిపిస్తే సరిగ్గా ఎక్కడుందో ఊరంతా చాటకూడదు. మొదటిసారి దిగేవాళ్లు కెమెరా తీసుకుపోకపోవడమే మంచిది. కెమెరాలో మునిగితే సిలిండర్లో గాలి ఎంత మిగిలిందో చూసుకోవడం మర్చిపోతారు. అది ప్రాణం మీదికే వస్తుంది.

ఎక్కడికి పోవచ్చు? మనకు దగ్గరగా కేరళలో కోవళం, ఇటు పుదుచ్చేరి ఉన్నాయి. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవి, ఆంధ్రలో విశాఖ ఋషికొండ, డబ్బూ సెలవులూ ఉంటే అండమాన్. పడమటి తీరంలో వానాకాలం డైవింగ్ ఉండదు. ఎక్కడికి పోయినా శిక్షకుడికి సర్టిఫికెట్ ఉందా, ఆరోగ్య పత్రం నింపమంటున్నారా అని చూసుకోండి. అడగనిచోట దిగకండి. పాడి సంస్థ మొదటి కోర్సుకు 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్ల మీద తేలాలి. అది పూర్తిచేస్తే 18 మీటర్ల వరకు దిగొచ్చు.

నేను దాచుకున్న డబ్బు, స్కాలర్‌షిప్ కలిపితే చిన్న కెమెరా గానీ, కోర్సు గానీ ఏదో ఒకటే వస్తుంది. నేను కోర్సే అనుకుంటున్నా. నాన్న ఇంకా సరే అనలేదు. “ముందు ఈత రానీ” అన్నారు. దాన్ని కాదనలేను. అందుకని ఈ వేసవిలో ఈత నేర్చుకుంటున్నా. తోడు వచ్చేవాళ్లు ఉంటే తెలుగు శాఖలో నా పేరు అడగండి. ఈలోగా రామేశ్వరం పోయేవాళ్లకు ఒక్క మాట: ఎవరైనా పగడపు ముక్క చూపించి అమ్మబోతే కొనకండి. అది చట్టం ఒప్పుకోని పని.