పల్లెలో ప్రార్థన: ఒంగోలు ప్రాంత దళిత క్రైస్తవంలో సామాజిక మార్పు

వ్యాస సంగ్రహం:
ప్రార్థనను సాధారణంగా వ్యక్తికీ దైవానికీ మధ్య జరిగే అంతరంగ సంభాషణగా భావిస్తారు. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెల్లో అది సామూహిక ఆచరణగా రూపొంది, పని, కూలి, చదువు అనే మూడు విషయాల్లో స్థానిక సమాజాన్ని ఎలా ప్రభావితం చేసిందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రార్థనకూటం, ఒంగోలు, మాదిగపల్లె, వెట్టి, కరువు, క్రైస్తవ కీర్తనలు.

1. ప్రవేశిక:
ఒంగోలులో 'ప్రార్థన కొండ' అని పిలిచే కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు అక్కడ ప్రార్థించారు. నెల్లూరు మిషన్‌ను కొనసాగించాలా, మూసివేయాలా అన్న చర్చ అమెరికాలో నడిచిన కాలమది. 1867 జనవరి 1న జాన్ ఎవరెట్ క్లౌ ఆధ్వర్యంలో ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మిషన్ చరిత్రలు కొండమీది ప్రార్థనను కారణంగా, నదిలోని బాప్తిస్మాన్ని ఫలంగా చెబుతాయి. ఈ రెంటికీ మధ్య గడిచిన 24 ఏళ్ళలో పల్లెల్లో ఏం జరిగిందన్నదే ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్న.

2. గురువు చుట్టూ చేరే అలవాటు:
ఈ ఉద్యమానికి ఆద్యుడు మిషనరీ కాదు. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య. ఆయన తోళ్ళ వ్యాపారం చేసిన మాదిగ. అంతకుముందే రాజయోగ సంప్రదాయంలో ఉపదేశం పొందినవాడు. పోతులూరి వీరబ్రహ్మం కథల్లో మాదిగ కక్కయ్య శిష్యుడిగా కనిపించడాన్ని బట్టి, అస్పృశ్య కులాలకు గురుబోధ కొత్త కాదని గ్రహించవచ్చు. పగలు పని ముగిశాక గురువు చుట్టూ చేరడం, పాడుకోవడం, మాట్లాడుకోవడం వారికి తెలిసినవే. ప్రార్థనకూటం ఆ అలవాటు మీదే నిలిచింది. అందువల్ల పల్లెవాసికి అది పరాయి ఆచారంగా తోచలేదు.

అయితే ఒక భేదం ఉంది. రాజయోగ బోధ రహస్యం, ప్రార్థన బహిరంగం. ఊరికి వినబడేలా పాడటంతో అది సామాజిక చర్యగా మారింది.

3. ఆదివారం - వెట్టి:
కొత్తగా చేరినవారికి మూడు నియమాలు ఉండేవి: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. చూడటానికి ఇవి మతనియమాలే. కానీ గ్రామవ్యవస్థలో మాదిగల స్థానం పిలిచినప్పుడు పనికి రావడం, కళేబరాలను తీయడం, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం అనే విధుల మీద ఆధారపడి ఉండేది. మూడు నియమాలూ ఈ మూడు విధులనూ తాకాయి.

ముఖ్యంగా ఆదివారం ప్రార్థనకు కూర్చోవడమంటే, వారంలో ఒక రోజు తనదని ప్రకటించడం. కాలం మీద హక్కు లేనివాడికి అది చిన్న విషయం కాదు. గ్రామాధికారుల నుంచి వ్యతిరేకత రావడానికి కారణం దేవుడి పేరు మారడం మాత్రమే కాదు, పిలిస్తే మనిషి రాకపోవడం. ఒక్కడు రాకపోతే శిక్షించవచ్చు; పల్లె అంతా ఒకేచోట కూర్చుంటే శిక్షించడం కష్టం. ప్రార్థన సామూహికం కావడంలోని బలం ఇదే.

4. కరువు - కూలి:
1876-78 నాటి కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. బోధకులు మేస్త్రీలుగా వ్యవహరించారు. విరామవేళల్లో కూలీలతో కూర్చొని మాట్లాడారు, ప్రార్థించారు. కరువు తీవ్రంగా ఉన్నంతకాలం క్లౌ బాప్తిస్మాలను నిలిపివేశారు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశం. ఆ అపవాదు పూర్తిగా తొలగలేదు. కరువుకూ మతాంతరీకరణకూ గల సంబంధాన్ని నేటికీ చర్చిస్తూనే ఉన్నారు. కానీ ప్రార్థన ఇక్కడ పనికి ప్రత్యామ్నాయం కాలేదన్నది గమనార్హం. ఆకలికి సమాధానం కూలి. ఆ కూలి దొరికే చోటనే ప్రార్థన.

5. పాట - చదువు:
పల్లెలో ప్రార్థన జరిగే గది తరచుగా బడి కూడా అయింది; బోధకుడే ఉపాధ్యాయుడు. ప్రభువు ప్రార్థనను, కీర్తనలను కంఠస్థం చేసినవారు తరువాత వాటినే అక్షరాల్లో గుర్తుపట్టడం నేర్చారు. రాగతాళాలతో కూడిన పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' ద్వారా పల్లెపల్లెకూ చేరాయి. చదువు నిరాకరింపబడిన వర్గం గ్రాంథిక పదజాలాన్ని నోటితో ముందుగా స్వాధీనం చేసుకున్న తీరు ఇది. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య కూడా గ్రామ ఉపాధ్యాయుల మీదే సంఘాలను నిర్మించారు.

6. పరిమితులు:
ప్రార్థన కులాన్ని నిర్మూలించలేదు. మాల, మాదిగ సంఘాలు చాలాచోట్ల వేర్వేరుగానే నిలిచాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. ఫలితంగా మందిరంలో ఒక గుర్తింపు, ధ్రువపత్రంలో మరొక గుర్తింపు అన్న స్థితి ఏర్పడింది. ఒకప్పుడు బహిరంగం కావడమే ప్రార్థనకు బలమైంది. నేడు బహిరంగం కావడమే హక్కుల నష్టానికి కారణమవుతోంది.

7. ముగింపు:
• ఒంగోలు పల్లెల్లో ప్రార్థన సమాజాన్ని మార్చినది కోరిక నెరవేర్చే సాధనంగా కాదు, కలిసి కూర్చునే హక్కుగా.
• దాని ప్రభావం స్థానిక గురుసంప్రదాయం, కూలిపని, బడి అనే ఆధారాలతో కలిసినప్పుడే కనిపించింది.
• దళిత క్రైస్తవ సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారు కీర్తనలోని భక్తితోపాటు, ఆ కీర్తన ఏ రోజు, ఏ పని మానుకొని, ఎవరికి వినబడేలా పాడబడిందో కూడా పరిశీలించాలి.